గర్భసంచి అని చెప్పాం

మా ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నానని చెబితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. "అయ్యో, నీకూనా" అంటారు, కాల్షియం మాత్రలు వేసుకోమంటారు, బరువులెత్తొద్దంటారు, అక్కడితో సరి. ఆరేళ్ళ కిందట నా ఎడమ కిడ్నీ తీసి మా తమ్ముడికి పెట్టినప్పుడు లోకానికి మేం చెప్పింది ఆ మాటే. కోత బొడ్డు కింద అడ్డంగా ఉంటుంది కాబట్టి అబద్ధం సరిగ్గా అతికింది కూడా. ఆ ఆలోచన నాదే. వాడు బతిమాలుకోకముందే నేనే నోరు జారాను, అంత తెలివైనదాన్ని.

ఇక దాంతో పడ్డ తిప్పలు నాకే తెలుసు. గర్భసంచి లేని మనిషి హ్యాండ్‌బ్యాగులో ప్యాడ్లు ఉండకూడదు కదా. ఒకసారి డబ్బింగ్ థియేటర్లో నా బ్యాగు బోర్లాపడి ప్యాకెట్టు బయటికొచ్చింది. మా అమ్మాయిది అన్నాను. మా అమ్మాయి అప్పటికి ఏడాదిగా బెంగళూరు హాస్టల్లో ఉంటోందని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఫిల్మ్ నగర్లో మొహం మీద అడగరు, అంత సంస్కారం ఉంది.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెలుగు రాని హీరోయిన్లకి గొంతు ఇస్తాను. ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. ప్రేమ మాటలకి వేరే అమ్మాయిలు వచ్చేశారు గానీ ఏడుపులకి, అరుపులకి ఇప్పటికీ నన్నే పిలుస్తారు. తెర మీద కూతురు పోయిన తల్లి ఉంటుంది, చీకటి గదిలో మైకు ముందు నేనుంటాను, ఒక్క టేకులో ఏడ్చి బయటికొచ్చి టీ తాగుతాను. మామూలుగా నాకు ఏడుపు రాదు. ఎందుకు రాదంటే ఏమో, రాదు.

తమ్ముడు నటుడు. సీరియళ్ళలో మొదలుపెట్టి, ఇప్పుడు సినిమాల్లో హీరోకి అన్నయ్యగా వేస్తున్నాడు. ఇంటర్వెల్ దగ్గర చచ్చిపోయే అన్నయ్య. మొహం అందరికీ తెలుసు, పేరు సగం మందికి తెలీదు. వాడికి కిడ్నీలు పోయాయని తెలిసినప్పుడు నలభై నిండలేదు. మా ఇంట్లో సరిపోయింది నాది ఒక్కటే. ఇస్తావా అని ఎవరూ అడగలేదు, ఇస్తానని నేనూ ప్రకటించలేదు. పరీక్షలకి పిలిచిన చోటికల్లా వెళ్ళాను, ఒకరోజు తీసేశారు. ఇందులో త్యాగం గీగం ఏమీ లేదు. అలా జరిగిపోయింది.

దాయడం ఎందుకంటే, ఫీల్డులో వయసు దాస్తారని అందరికీ తెలుసు గానీ జబ్బుని అంతకన్నా లోతుగా దాస్తారు. "ఆయనకి ఒంట్లో బాలేదట" అన్న మాట ఒక్కసారి మేనేజర్ల నోట్లో పడితే ఇక ఫోన్ మోగదు. సినిమాలోంచి తీసేశామని ఎవరూ చెప్పరు. పలకరిస్తారు, ఆరోగ్యం జాగ్రత్త అంటారు, ఆ వేషానికి ఇంకొకర్ని పెట్టుకుంటారు. షెడ్యూలు మధ్యలో మనిషి పడిపోతే ఎవరు దిక్కని వాళ్ళ భయం. తప్పు పట్టడానికీ లేదు.

అందుకని తమ్ముడు కేరళలో ఆయుర్వేదం చేయించుకుంటున్నాడని చెప్పాం. అది ఫిల్మ్ నగర్లో ఇట్టే నమ్ముతారు, సగం మంది వెళ్ళొచ్చినవాళ్ళే. నాలుగు నెలల తర్వాత బయటికొచ్చేసరికి మందులకి వాడి మొహం ఉబ్బింది. కేరళ వెళ్ళి లావై రావడమేంటయ్యా అని నవ్వారు. వాడూ నవ్వాడు. నటుడు కదా.

అదంతా బాగానే ఉంది. నాకు బాగాలేనిది ఒక్కటే. ఆపరేషన్ అయ్యాక వాడు ఒక్కసారి కూడా నన్ను "నొప్పిగా ఉందా అక్కా" అని అడగలేదు. ఆసుపత్రిలో ఒకే అంతస్తులో ఉన్నాం, అడగలేదు. ఇంటికొచ్చాక ఫోన్లో అడగలేదు. పోనుపోను మా ఇంటికి రావడమే మానేశాడు. వేసవిలో డ్రైవరు చేత మామిడిపండ్ల పెట్టె పంపిస్తాడు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే నా భుజం వెనకాల ఎవరో ఉన్నట్టు అటు చూస్తూ మాట్లాడతాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అదీ పోయింది. కోత చుట్టూ అరచెయ్యంత మేర చర్మం ఇప్పటికీ మొద్దుబారే ఉంటుంది, చీర కుచ్చిళ్ళు దోపుకుంటుంటే అక్కడ చెయ్యి తగిలినట్టే తెలీదు. ఆ తర్వాత నేను మొత్తంగా అలాగే అయ్యాను.

డిశ్చార్జి రోజున అక్కడివాళ్ళు నాకొక కార్డు ఇచ్చారు. దీన్ని ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోండి, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా, ముఖ్యంగా మత్తు ఇచ్చేముందు, నాకు ఒక్కటే కిడ్నీ ఉంది అని చెప్పండి, మామూలు పెయిన్ కిల్లర్లు వేసుకోవద్దు, అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. కార్డు పర్సులో పాన్ కార్డు వెనకాల పెట్టాను. ఎవరికీ చూపించలేదు. తలనొప్పి వచ్చి ఎవరైనా మాత్ర ఇవ్వబోతే "నాకు పడదు" అనేదాన్ని. పడదు అన్న మాటతో ఆరేళ్ళు నెట్టుకొచ్చాను.

పోయిన వానాకాలం ఫిల్మ్ నగర్లో ఒక సెల్లారు థియేటర్లో అరుపుల పని పడింది. హీరోయిన్ని కొండ మీంచి తోసేస్తారు, కిందపడేదాకా అరవాలి. పదకొండు అరుపులు ఇచ్చి, గొంతులో మిరియాలపాలు పోసుకుని బయటికొచ్చాను. బయట జల్లు. మెట్లు నున్నటి గ్రానైటు. రెండో మెట్టు మీద కాలు జారింది, కుడిచెయ్యి ఆనించాను, మణికట్టు పుటుక్కుమంది. అంతసేపూ కొండ మీంచి పడుతున్నట్టు అరిచి వచ్చినదాన్ని, నిజంగా పడితే నోట్లోంచి "అమ్మ" అని కూడా రాలేదు. చెయ్యి వంకర తిరిగి ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను. సౌండ్ ఇంజనీరు పరుగెత్తుకొచ్చి తన కారులో జూబ్లీ హిల్స్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

క్యాజువాలిటీలో నొప్పి ఇంజక్షన్‌తో నర్సు రాగానే "నాకు పడదమ్మా" అన్నాను. ఎక్స్‌రే తీశారు. ఎముకల డాక్టరు వచ్చి, రెండు చోట్ల విరిగింది, రేపు పొద్దున ప్లేటు వేసి స్క్రూలు బిగించాలి, సాయంత్రం మత్తు డాక్టరుగారు చూస్తారు, ఇంట్లోవాళ్ళని పిలిపించుకోండి అన్నాడు.

మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు. ఆ రోజు రాజమండ్రి దగ్గర అవుట్‌డోర్‌లో ఉన్నారు. ఫోన్ చేస్తే రేపు చీకటి పడేలోపు ఎలాగోలా వచ్చేస్తానన్నారు. పెట్టేసేముందు "ఆ సంగతి డాక్టరుకి చెప్పు" అన్నారు. "చెప్తాలెండి" అన్నాను. సంతకానికి మనిషి కావాలి కాబట్టి తమ్ముడికి ఫోన్ చేయక తప్పలేదు.

వాడు గంటలో వచ్చాడు. నెత్తి మీద టోపీ, మొహానికి మాస్కు. అయినా రిసెప్షన్‌లో అమ్మాయి కళ్ళు చూసే గుర్తుపట్టేసింది. ఒక సెల్ఫీ అయ్యింది. నేను వీల్‌చైర్లో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పక్కనే ఉన్నాను, ఫొటోలోకి రాకుండా కొంచెం జరిపారు.

మత్తు డాక్టరుగారు ఆడమనిషి, నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. ఫారం ముందు పెట్టుకుని వరసగా అడుగుతోంది.

"బీపీ ఉన్నదా అమ్మా? షుగర్? మెట్లెక్కితే ఆయాసమొస్తదా? కట్టుడు పండ్లు ఏమన్న ఉన్నయా? ఇంతకుముందు ఏమన్న ఆపరేషన్ అయిందా?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు తల వంచి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ ఫోన్ తెర ఆరిపోయి ఉంది.

"గర్భసంచి తీశారండీ," అన్నాను. "ఆరేళ్ళైంది."

ఆమె రాసుకుంది. ఆ కలం కదలడం చూస్తున్నప్పుడైనా నాకు భయం వేసి ఉండాలి. వేయలేదు. అంత అలవాటైపోయింది.

"అప్పుడు మత్తుతోని ఇబ్బంది ఏమన్న అయిందా?"

దీనికి మాత్రం నాకు చెప్పడానికి చాలా ఉంది. ఆ ఆపరేషన్‌కి గొంతులో గొట్టం పెట్టారు, తీశాక మూడు వారాలు గొంతు జీరబోయింది, రెండు సినిమాలు చేజారాయి. ఇప్పుడు మళ్ళీ గొట్టమంటే నాకు చాలా భయం, సన్నదేమైనా ఉంటుందా, పెట్టేటప్పుడు మెల్లిగా పెడతారా, తీసేటప్పుడు గీసుకుపోదు కదా. పది నిమిషాలు చెప్పాను. నా గొంతు నా అన్నం అని కూడా అన్నాను. అప్పుడు తమ్ముడు తలెత్తి, "అక్క గొంతు కొంచెం జాగ్రత్త డాక్టర్ గారూ" అన్నాడు. మా ఇద్దరికీ ఆ గదిలో గుర్తున్న అవయవం అదొక్కటే. మా ఫీల్డువాళ్ళు తప్ప ఇలాంటి పని ఇంకెవరూ చేయరు. ప్రాణం పక్కన పెట్టి గొంతు గురించి దేబిరించడం.

"ఫికర్ చెయ్యకండి," అంది ఆమె. "చెయ్యే గదా. భుజం కాడ సూది ఇచ్చి చెయ్యి మటుకే మొద్దువారేటట్టు చేస్త. గొంతుల గొట్టమే పెట్ట. అది సరిగ్గ పట్టకపోతెనే పూర్తి మత్తు." తర్వాత కాగితం తిప్పి, "పెయిన్ కిల్లర్ పడదని రాసిన్రు. ఏమైతది?"

"దద్దుర్లండీ."

"ఏ మందుకు?"

నోటికొచ్చిన మందు పేరొకటి చెప్పాను. "గట్లనా. అయితే అది ఒద్దు, వేరేది ఇస్తం," అని రాసుకుంది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అబద్ధం చెబితే మందు మారింది, ప్రమాదం మాత్రం అలాగే ఉంది. నోరు విప్పడానికి అదే సమయం. తమ్ముడు నా వీల్‌చైర్ పిడి పట్టుకుని అప్పటికే వెనక్కి తిప్పుతున్నాడు.

లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. వాడు అంకెలు మారడం చూస్తూ, "థ్యాంక్స్ అక్కా," అన్నాడు.

కిడ్నీ ఇచ్చినప్పుడు అనని మాట. అది ఇప్పుడు వచ్చింది, అబద్ధం చెప్పినందుకు. చెంప మీద ఒక్కటి ఇవ్వాలనిపించాలి. నాకు ఏమీ అనిపించలేదు. "ఎన్నో అంతస్తు నొక్కావు?" అని మాత్రం అడిగాను.

పొద్దున ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళేముందు గాజులు, గొలుసు, మెట్టెలు తీయించారు. అవి, పర్సు, ఫోన్, అన్నీ తమ్ముడి చేతికిచ్చాను. కార్డు ఆ పర్సులోనే ఉంది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని స్ట్రెచర్ వెంట తలుపు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

లోపల చలి. పచ్చగుడ్డ కింద పడుకోబెట్టారు. డాక్టరుగారు టోపీ పెట్టుకుని వచ్చి నా ఛాతీకి స్టిక్కర్లు అంటిస్తూ మాట్లాడుతోంది.

"నిన్నటి రక్తపరీక్షల క్రియాటినిన్, అదే కిడ్నీ లెక్క, జర ఎక్కువున్నది అమ్మా. మరీ ఏం కాదు. బక్క మనిషికి గింతెందుకు అనుకున్న. నీళ్ళు తక్కువ తాగుతరా?"

"అవునండీ," అన్నాను. పనివేళల్లో నీళ్ళు తక్కువ తాగేమాట నిజమే. ఒక నిజం దొరికినందుకు సంతోషించాను.

మూడో స్టిక్కర్ అంటించబోతూ ఆమె చెయ్యి ఆగింది. ఎడమ పక్కటెముకల కింద నాకు చిన్న మచ్చ ఉంది, కిడ్నీ తీసేటప్పుడు పొట్టలోకి కెమెరా గొట్టం పంపిన చోటు. ఆమె దాన్ని బొటనవేలితో ఒకసారి రాసి చూసింది.

"గర్భసంచి ఎక్కడుంటది, ఈడ ఎందుకు పొడిచిన్రు?" గొంతు పెంచలేదు. పక్కనున్న నర్సుకి కూడా వినబడనంత మెల్లిగా అడిగింది. "చూడమ్మా. ఎందుకు దాస్తున్నరో నాకొద్దు. ఏం దాస్తున్నరో చెప్పండి. నేను మందులు నింపుకుంటున్న."

కార్డు ఉంటే చూపించి తల తిప్పుకునేదాన్నేమో. కార్డు బయట ఉంది. నోటితోనే చెప్పాలి. ఆ క్షణంలో నేను అనుకున్నది నాకు మాటకి మాట గుర్తుంది. ఒకటి వాడి ప్రాణానికి ఇచ్చాను. రెండోది వాడి వేషాలకి కూడా ఇవ్వాలా.

"ఎడమ కిడ్నీ లేదండీ," అన్నాను. "ఆరేళ్ళ కిందట ఇచ్చేశాను."

ఆ మాటలో ఏ భావమూ లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాను. డైరెక్టర్ ఎవరైనా ఉంటే ఇంకో టేక్ అడిగేవాడు.

ఆమె ట్రేలో నింపిపెట్టిన సిరంజీల్లోంచి ఒకటి తీసి, పేరు మళ్ళీ ఒకసారి చదివి, డబ్బాలో పడేసింది. ఎముకల డాక్టరుని పిలిచి పది నిమిషాలు ఆగమంది. యాంటీబయాటిక్ ఏమిస్తున్నారో అడిగి అది మార్పించింది. సెలైన్ ఇంకొంచెం పెంచమంది. బీపీ పడిపోకుండా చూడాలి, రెండు నిమిషాలకోసారి రీడింగ్ రావాలి అని మిషన్ సరిచేయించింది. అన్నీ అయ్యాక నా తల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు తిట్టింది.

"పడదు అన్నరు నిన్న. పడకపోవుడు వేరు, ఇయ్యరాకపోవుడు వేరు. పడదంటే నేను ఇంకోటి ఇస్త. ఒక్కటే కిడ్నీ అని తెలిస్తే ఆ జాతి మందునే ముట్టుకోను. గీ ఒక్క ముక్క నిన్న చెప్తే మీ సొమ్మేం పోయేది?"

పోయేది నా సొమ్ము కాదు డాక్టర్ గారూ అందామనుకుని, "ఇప్పుడు మత్తు ఇవ్వొచ్చాండీ మరి?" అని అడిగాను.

"ఎందుకియ్యరాదు? మీ రెండోది మంచిగనే పనిచేస్తున్నది. కిడ్నీ ఇచ్చినోళ్ళకు కాన్పులైతయి, ఆపరేషన్లైతయి, అందరి తీరుగనే ఉంటరు. మాకు తెల్వాలె, గంతే." కళ్ళజోడు పెట్టుకుని సూది అందుకుంది. "తెలిస్తే భయం లేదు."

మెడకీ భుజానికీ మధ్య చల్లటి జెల్ రాసి, స్కానింగ్ తెర మీద చూసుకుంటూ సూది గుచ్చింది. ముందు బొటనవేలు వెచ్చబడింది. తర్వాత చెయ్యంతా బరువెక్కింది. కాసేపటికి ఎత్తమంటే ఎత్తలేకపోయాను. నర్సు ఆ చెయ్యి లేపి పక్కన పెడుతుంటే ఎవరిదో చెయ్యి నా మంచం మీద మర్చిపోయినట్టుంది. అడ్డంగా గుడ్డ కట్టారు. అవతల డ్రిల్లు మోగుతోంది, ఎముక పొడి వాసన లాంటిదేదో వస్తోంది, నాకు నొప్పి లేదు, భయమూ లేదు. ఈ డ్రిల్లు శబ్దం మన సౌండ్ ఎఫెక్ట్స్ వాళ్ళు ఎప్పుడూ తప్పే వేస్తారు, ఇంత సన్నగా ఉండదనుకుంటారు, అని ఆలోచిస్తూ పడుకున్నాను. డాక్టరుగారు మధ్యమధ్యలో బీపీ చూసి "మంచిగున్నది" అనేది. గొంతులో గొట్టం పెట్టే అవసరం రాలేదు.

మధ్యాహ్నానికి గదిలోకి తెచ్చారు. చెయ్యి దిండు మీద పెట్టారు, ఇంకా నాది కాదు. తమ్ముడు కిటికీ పక్కన సోఫాలో కూర్చున్నాడు. మాస్కు తీయలేదు. నా పర్సు వాడి ఒళ్ళోనే ఉంది. మంచం కాళ్ళ దగ్గర ఫైలు తగిలించి ఉంటే లేచి వెళ్ళి చూశాడు. మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు. ఒక్కటే కిడ్నీ, దాత. కింద రెండు గీతలు కొట్టి, ఇవ్వకూడని మందుల పేర్లు.

అది చదువుతూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఫైలు మూసి, గోడ వైపు చూస్తూ అడిగాడు.

"ఎవరికిచ్చావో రాశారా అక్కా?"

"రాయలేదు," అన్నాను.

వాడు ఊపిరి వదిలాడు. మాస్కు లోపలే వదిలినా నాకు వినబడింది. ఇరవై రెండేళ్ళుగా ఊపిర్ల మీద బతుకుతున్నదాన్ని, ఏ ఊపిరి దేనికో నాకు తెలుసు. అది గండం గడిచినవాడి ఊపిరి. నాది కాదు, వాడి గండం. అప్పుడు కోపం వచ్చింది. చాలాకాలం తర్వాత వచ్చింది కాబట్టి మొదట గుర్తుపట్టలేదు. నేను చచ్చిపోయి ఉంటే వీడు గర్భసంచి ఆపరేషన్ వికటించిందని చెప్పేవాడు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గేం లేదు.

కళ్ళు మూసుకున్నాను.

నాలుగు దాటాక వేళ్ళ చివర్లు చిమచిమలాడాయి. ఐదింటికి చెయ్యి నాదైంది. మత్తు ఎంత మెల్లిగా పట్టిందో అంత గబగబా వదిలింది. మణికట్టులో ఎవరో మేకులు కొట్టి పీకుతున్నట్టుంది. కొట్టినవి మేకులే కదా. పళ్ళు బిగబట్టాను. ఆగలేదు. నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది, నాకే కొత్తగా వినిపించింది. వంకరగా, కీచుమంటూ, ఏ హీరోయిన్‌కీ పనికిరాని మూలుగు. తమ్ముడు లేచి బెల్లు నొక్కాడు.

వచ్చిన నర్సు చిన్నపిల్ల. ఫైలు తెరిచి చూసింది.

"పొద్దున పెట్టిన పారాసిటమాల్ సెలైనే మళ్ళ పెడ్తా మేడమ్."

"దాంతో తగ్గుతుందా?" తమ్ముడు అడిగాడు. "ఆమెని చూడమ్మా. ఇంకా గట్టిది ఏదైనా ఇవ్వు. అందరికీ ఇచ్చేది ఉంటుంది కదా."

"అందరికీ ఇచ్చేది మేడమ్‌కి ఇయ్యొద్దు సార్. ఒక్కటే కిడ్నీ అని పెద్ద మేడమ్ రాసిన్రు. ఫోన్ చేసి వేరేది అడుగుత, అప్పటిదాక జర ఓర్సుకోవాలె." సెలైన్ సీసా తగిలిస్తూ నా వైపు వంగింది. "ఎవరికిచ్చిన్రు మేడమ్ కిడ్నీ?"

చుట్టాలబ్బాయికి అని నాలుక చివరిదాకా వచ్చింది. నొప్పిలో కూడా ఎంత సిద్ధంగా ఉంటుందో చూడండి అలవాటు. నోరు తెరిచాను.

"నాకే," అన్నాడు తమ్ముడు.

అది వాడి డైలాగు గొంతు కాదు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి నాన్న ముందు నిలబడి "నేనే" అన్న గొంతు. మాస్కు తీసేసి చేత్తో పట్టుకున్నాడు. ఆ పిల్ల వాడి మొహం చూసింది, గుర్తుపట్టింది, కళ్ళు పెద్దవయ్యాయి. ఇప్పుడు ఫోన్ తీస్తుందనుకున్నాను. రేపటికి ఫిల్మ్ నగరంతా తెలిసిపోతుందనుకున్నాను.

"అయితే మాస్కెందుకు తీసిన్రు సార్," అంది. "కిడ్నీ పెట్టించుకున్నోళ్ళకు ఆసుపత్రిల ఊకెనే ఇన్ఫెక్షనొస్తది. పెట్టుకోండి." సెలైన్ చుక్కలు సరిచేసి, పెద్ద మేడమ్‌కి ఫోన్ చేయడానికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళు దాచిన దానికి జరిగింది అంతే.

తమ్ముడు మాస్కు పెట్టుకోలేదు. సోఫాలోకి వెళ్ళకుండా, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నా పర్సు ఇంకా చంకలోనే ఉంది. నా భుజం వెనక్కి కాకుండా, నా మొహంలోకి చూశాడు. వాడి కళ్ళ కింద నల్లటి వలయాలున్నాయని, మేకప్ లేకపోతే నాన్న పోలిక వచ్చేసిందని అప్పుడే చూశాను.

"నొప్పిగా ఉందా అక్కా?" అన్నాడు.

ఆరేళ్ళుగా ఎవరడిగినా ఏమీ లేదనే చెప్పాను.

"ఉందిరా," అన్నాను. "చాలా నొప్పిగా ఉంది."